ఏడో నోటుబుక్కు

జనవరి 9, 2003, గురువారం

ఈ డైరీ విత్తనాల కంపెనీవాళ్లది. మా బావమరిది ఇచ్చాడు. రోజుకొక పెద్ద పేజీ, పేజీ పైన వేరుశనగ చేను బొమ్మ. ఎనిమిది పేజీలు ఖాళీగా వదిలేసి ఇవాళ మొదలుపెడుతున్నాను. ఇవాళ మనుషులతో మాట్లాడితే అరిచేస్తాను, అందుకు.

లైబ్రరీలో కొత్త పత్రికల బల్ల మీద గిరిప్రసాద్ వ్యాసం కనిపించింది. భూగర్భశాస్త్రంలో ప్రొఫెసరు గదా, విదేశీ పత్రికలో వేయించుకున్నాడు. చిత్తూరు జిల్లాలో బావులు తవ్వే కూలీలు నేల పొరలను ఏ మాటలతో పిలుస్తారు, ఆ మాటలను బట్టి నీళ్ల జాడ ఎలా తెలుస్తుంది అని. నలభై ఒక్క బావులు. ఏ బావిలో ఎన్ని నిలువుల లోతున మొరం, ఎక్కడ సుద్ద, ఎక్కడ చట్టు, ఎక్కడ ఊట. ఆ పట్టిక మొత్తం నాది. నాలుగేళ్ల కిందట నా చేత్తో ఎత్తి రాసి ఇచ్చాను. రెండు రోజులు జీపులో వెంట తిరిగి ఒక్కో మాటా విడమరిచి చెప్పాను.

అంతకన్నా ఘోరం, వ్యాసం మొదలే నా సిద్ధాంతగ్రంథంలోని నాలుగో అధ్యాయం. బావిలోపలివాడు అరిస్తే గట్టు మీదివాడికి మాట చివర మాత్రమే చేరుతుంది, అందుకే ఏ రెండు పొరల పేర్లూ ఒకేలా ముగియవు అని. ఈ ఒక్క ఆలోచనకే వైవా రోజున మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు లేచి నిలబడి నా చేయి పట్టుకున్నాడు. ఈ ఒక్క ఆలోచనకే నన్ను రీడరును చేశారు.

రచయితలు నలుగురు. అందులో నేను లేను. ఆఖరి పేజీలో, జీపు డ్రైవరు పేరు తర్వాత ఉన్నాను. కొన్ని తెలుగు మాటల విషయంలో సాయపడినందుకు ధన్యవాదాలట.

జనవరి 10

గిరిప్రసాద్ గదికి వెళ్లాను. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"ఏమబ్బా జయచంద్రా, ముఖం అట్ల పెట్టుకున్యావు?"

"నా పేరు యాడ పోయింది సార్?"

"ఉండాది గదప్పా ఆఖర్లో. సూసుకోలేదా? మా శాఖలో రాళ్లు కోసినోళ్లూ, నీళ్లు పరీక్ష చేసినోళ్లూ రచయితలు. మాటలు చెప్పినోళ్లకు థాంక్స్ చెప్తాము. మీ తెలుగులో మాత్రం ఏం చేస్తారు? పాట పాడిన ముసిలామె పేరు అట్ట మీద వేస్తారా?"

"నేను పాట పాడిన ముసిలామెనా సార్?"

"అట్లా అన్లేదు నేను."

అట్లాగే అన్నాడు. ఆ పట్టిక వాళ్ల స్కాలర్లే పల్లెల్లో తిరిగి సేకరించారని కూడా అన్నాడు. నా ముందరే, కాఫీ చప్పరిస్తూ అన్నాడు.

జనవరి 13

ఫిర్యాదు ఇచ్చేశాను. మూడు పేజీలు. "1990, 91 సంవత్సరాలలో మండుటెండల్లో, బావి గట్ల మీద కూర్చుని నేను స్వయంగా సేకరించిన" అని రాసిన వాక్యం నా భార్య మహితకు చదివి వినిపించాను. మహిత తను పాఠాలు చెప్పే బడికి వెళ్లే తొందరలో జడ వేసుకుంటూ వింది. "మీరు ఎండలో ఎప్పుడు కూర్చున్నారు?" అని నవ్వింది. భార్యకు భర్త కష్టం ఎప్పుడూ కనిపించదు.

జనవరి 27

కమిటీ వేశారు. ముగ్గురు. మా తెలుగు శాఖ జ్ఞానాంబ గారు కూడా ఉన్నారు. రిటైరయినా ఆవిడ మాటకు విలువుంది. న్యాయం జరుగుతుంది.

ఫిబ్రవరి 3, సోమవారం

కమిటీ మొదటిసారి కూర్చుంది. నన్నూ గిరిప్రసాద్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. గంటసేపు మా సంగతి ఎవరూ ఎత్తలేదు. రచయిత అంటే ఎవరని వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు.

భౌతికశాస్త్రం ఆయన అన్నాడు: "మా దాంట్లో ఒక్క వ్యాసానికి నూటయాభై పేర్లుంటాయి. మర బిగించినోని పేరు గూడా వేస్తాం."

జంతుశాస్త్రం ఆయన: "మా దాంట్లో పని చేసినోడు ముందర, గైడు ఆఖర్న. ఆఖర్న ఉండేదే గౌరవం."

జ్ఞానాంబ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "తెలుగులో ఒక పేరే. ఒక రచనకు ఇద్దరు తల్లులుంటారా?"

"జంటకవులు ఉండారు గదమ్మా మీకు?" అన్నాడు భౌతికశాస్త్రం ఆయన.

"వాళ్లు కవులు. మేము పరిశోధకులం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత జ్ఞానాంబ గారు నా వైపు తిరిగి చాలా ప్రేమగా, "జయచంద్రా, ఇంత వాదన ఎందుకు? నీ క్షేత్ర నోటుబుక్కులు ఉంటాయి కదా, తెచ్చి చూపించు. ఆ లోతులు అందులో ఉంటే గిరిప్రసాద్ గారు ఒప్పుకోవాల్సిందే" అన్నారు. గిరిప్రసాద్ తల వంచుకున్నాడు. నెలాఖరులోగా తెస్తానన్నాను.

గెలిచేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

ఫిబ్రవరి 4

ట్రంకుపెట్టె తెరిచాను. పన్నెండు నోటుబుక్కులూ భద్రంగా ఉన్నాయి.

అన్నీ గ్రేసీ చేతిరాత.

ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసిన సంగతే. ఎన్నో ఏళ్లుగా వాటిని నా నోటుబుక్కులు అనుకుంటూ వచ్చాను కాబట్టి, లోపల నా అక్షరాలు ఉండవన్న సంగతి తట్టలేదు, అంతే.

ఫిబ్రవరి 5

గ్రేసీ ఎం.ఫిల్.కు నా దగ్గర చేరిన అమ్మాయి. పుత్తూరు దగ్గర పల్లె. వాళ్ల నాయన ఏబెల్ బావి పనికి వెళ్లేవాడు. నేను పట్నంవాణ్ని, చొక్కా టక్ చేసుకున్నవాణ్ని, నన్ను చూస్తే ఆ కూలీలు నోరు విప్పేవాళ్లు కాదు. ఆ అమ్మాయి అయితే వాళ్ల మనిషి. అందుకని పంపించాను. పంపించింది నేను. ఏ ఊళ్లకు వెళ్లాలో చెప్పింది నేను. ఏం అడగాలో ఒక కాగితం మీద రాసిచ్చాను కూడా. రెండు ఆదివారాలు నేనూ వెళ్లాను.

మధ్యలో ఆ అమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చింది. ఎం.ఫిల్. మానేసింది. "మీకు పనికొస్తాయి సార్" అని నోటుబుక్కులు నాకు ఇచ్చి వెళ్లింది.

సిద్ధాంతగ్రంథం ముందుమాటలో రాశాను కూడా: "ప్రతులు ఎత్తి రాయడంలో సహకరించిన విద్యార్థినికి". పేరు వేయలేదు. మా శాఖలో విద్యార్థుల పేర్లు వేసే ఆనవాయితీ లేదు.

ఫిబ్రవరి 8

చంద్రగిరి వెళ్లాను. కోట దారిలో మునస్వామి పుస్తకాల కొట్టు ఉంది. నేను చదువుకునే రోజుల నుంచీ ఆయన పాత సరుకు పారేయడు.

"పాత నోటుబుక్కులు కావాలి. పదీ పన్నెండేండ్లవి."

"కొత్తవి ఉండాయి గద సార్, తెల్లంగా."

"పాతవే కావాలి. మా కాలేజీలో నాటకం ఉండాది."

నాటకం అని ఎందుకు అన్నానో తెలియదు. నోటికి వచ్చేసింది. మునస్వామి అటక ఎక్కి దుమ్ము దులుపుకుంటూ ఒక కట్ట దించాడు. అంచులు పసుపు రంగుకు తిరిగాయి. అట్ట వెనక ఎక్కాలు, కొలతలు. "ఎలకలు కొట్టలేదు సార్, మీ అదృష్టం" అన్నాడు.

ఇది మోసం కాదు. ఉన్నదాన్ని శుభ్రంగా ఎత్తి రాసుకోవడం. గిరిప్రసాద్ లాంటివాడు గ్రేసీ చేతిరాత చూస్తే దాన్ని వంకగా పట్టుకుని సత్యాన్ని తొక్కేస్తాడు.

ఫిబ్రవరి 12

రోజూ మహిత బడికి వెళ్లాక కూర్చుంటున్నాను. పాత సిరా పెన్ను తీశాను. నాలుగు నోటుబుక్కులు అయ్యాయి.

ఒక ఇబ్బంది. కూలీల మాటలను గ్రేసీ వాళ్లు పలికినట్టే రాసింది. పాతికేళ్లుగా పేపర్లు దిద్దుతున్న చేయి నాది. "సూస్తాది" అని ఎదురుగా ఉంటే "చూస్తుంది" అని పడిపోతోంది. మొదట్లో కొట్టేసి మళ్లీ రాశాను. తర్వాత ఊరుకున్నాను. అర్థం మారనప్పుడు నష్టమేముంది? పైగా నేను రాసుకున్న నోటుబుక్కులు నా భాషలో ఉండటమే సహజం.

ఫిబ్రవరి 15

గ్రేసీ అంచుల్లో చిన్న అక్షరాలతో నాకు ప్రశ్నలు రాసేది. "సార్, ఈ మాట తమిళం నుంచి వచ్చిందా?" "సార్, వీళ్లు ఆడవాళ్లను గట్టు మీదికి ఎందుకు రానివ్వరో అడగమంటారా?" పన్నెండేళ్ల కిందట వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పిన గుర్తు లేదు. ఇప్పుడు వాటిని నా సొంత సందేహాలుగా మార్చి రాస్తున్నాను.

ఫిబ్రవరి 17

నడుం నొప్పి.

ఫిబ్రవరి 20

ఏడో నోటుబుక్కు. లావుగా ఉందని దీన్ని ముందు వదిలేశాను, ఇక ఇదీ పన్నెండోదీ మిగిలాయి. ఇదంతా ఏబెల్ మాటలే. చేయి విరిగి, పుత్తూరులో కట్టు కట్టించుకుని పనికి పోలేక నెలరోజులు ఇంట్లో కూర్చున్నప్పుడు, కూతురు ఎదురుగా కూర్చుని రాసుకుంది. ఏబెల్ పని తవ్వడం కాదు. గట్టు మీద నిలబడి మట్టి తట్ట పైకి లాగడం. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఎక్కడో ఒకచోట ఉండాలని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"లోపలుండేవోనికి ఆకాశం తాంబాళమంత కనబడతాది. వాడు నన్ను సూడలేడు, నేను వాన్ని సూడలేను. తాడొకటే మా ఇద్దరికీ. వాడు సుద్ద అంటే నాకు 'ద్ద' వినబడతాది. మొరం అంటే 'రం'. అంత సాలు. అందుకే మా పెద్దోళ్లు ఒగదానికొకటి కలవకుండా పెట్టినారు పేర్లు. జల పడినప్పుడు మాత్రం వాడు మాటేం సెప్పడు. నగుతాడు. ఆ నగు మాత్రం కొసదాకా వస్తాది."

పక్కన అంచులో గ్రేసీ: "సార్, ఇది మా నాయన చెప్పింది. దీని మీదే నా ఎం.ఫిల్. రాయాలని ఉంది. మీరేమంటారు?"

నాలుగో అధ్యాయం.

నేను ఈ పేజీ ఆ రోజుల్లోనే చదివాను. చదివి ఉంటాను. చదవకుండా ఆ అధ్యాయం ఎలా రాస్తాను? కానీ నాకు గుర్తున్నది వేరు. తిరుచానూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా నాకు తట్టిందని గుర్తు. క్లాసులో ఎన్నోసార్లు ఆ బస్సు సంగతి చెప్పాను కూడా. పిల్లలు రాసుకున్నారు.

చివరి మూడు వాక్యాలు నా పుస్తకంలోకి ఇలా వచ్చాయి: "నీరు లభించినప్పుడు కార్మికుడు ఆనందం వ్యక్తం చేస్తాడు."

ఫిబ్రవరి 21

పన్నెండూ అయిపోయాయి. పన్నెండో దాని ఆఖరి పేజీలో ఇలా ఉంది: "సార్, జాయినింగ్ ఆర్డరు వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో వచ్చి రాయడం పూర్తి చేస్తాను. అంతవరకు ఇవి మీ దగ్గర జాగ్రత్త."

"మీకు పనికొస్తాయి సార్" అని ఎక్కడా లేదు. ఆ మాట ఎవరన్నారు?

సెలవుల్లో వచ్చింది కూడా. ఇప్పుడు గుర్తొస్తోంది. గొడుగు పట్టుకుని వరండాలో నిలబడింది. "ఇంకెందుకమ్మా, ఉద్యోగం వచ్చింది కదా, హాయిగా ఉండు" అన్నాను. నోటుబుక్కులు అడగడానికి నోరు తెరిచినట్టుంది. నాకు క్లాసు ఉంది.

గ్రేసీ నోటుబుక్కులు పెరట్లో వేన్నీళ్ల బాయిలర్ కింద పెట్టాను. ముందు ఆ ఆఖరి పేజీ చించి పెట్టాను. తర్వాత అన్నీ. ఏడోది చివర్లో. అట్టలు త్వరగా అంటుకోవు, పొడవాలి. పన్నెండింటిలో ఒక్క కాగితం మిగల్చలేదు. ఆ నీళ్లతోనే స్నానం చేశాను.

మహిత వచ్చి "ఏం కాల్చినారు, ఈ వాసనేంది?" అంది. పాత పరీక్ష పేపర్లన్నాను.

ఫిబ్రవరి 26

నోటుబుక్కులు చూశారు. లోతులన్నీ సరిపోయాయి. గిరిప్రసాద్ పేజీలు తిప్పుతూ ఒకసారి నా ముఖంలోకి చూశాడు. వాడికి ఏమీ తెలియదు.

జ్ఞానాంబ గారు ఏడోదాన్ని చాలాసేపు చదివారు. "ఎంత శుభ్రమైన భాష! కూలీవాళ్ల మాటలు కూడా ఎంత తీర్చి రాసుకున్నావు నాయనా" అని మెచ్చుకున్నారు.

ఇక ఒక్కటే మిగిలిందట. ఆ రోజుల్లో నా వెంట వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక ఉత్తరం.

"ఒక అమ్మాయి ఉండేది" అన్నాను.

మార్చి 2, ఆదివారం

పుత్తూరు బస్సు దిగి ఆటో పట్టుకుని వెళ్లాను. గ్రేసీ చర్చి నుంచి అప్పుడే వచ్చి బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టి లేచింది. జుట్టు సగం నెరిసింది. కొంగు సర్దుకుంటూ, "సార్! మీరు ఇంతదూరం... ఒక కార్డు ముక్క రాసింటే నేనే వచ్చేదాన్ని గదా సార్" అంది.

చెప్పాను. గిరిప్రసాద్ చేసిన అన్యాయం అంతా చెప్పాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కోసం.

"మీ పుస్తకం లైబ్రరీలో సూసినా సార్. ట్రైనింగుకి తిరుపతికి వచ్చినప్పుడు. నాలుగో అధ్యాయం మూడుసార్లు చదివినా."

నేను చేటలో బియ్యం వైపు చూశాను.

"మా నాయనకు గూడా చదివి ఇనిపించినా. మన మాట అచ్చులో వచ్చింది సూడు నాయనా అంటే, నా పేరుండాదా అన్యాడు. లేదు అన్నా. ఏముందిలే పాపా, తవ్వించినాయన పేరే గదా బావికి ఉండేది, మనము తవ్వినామని ఎవురంటారు అని నవ్వినాడు. కోపంగా కాదు సార్. ఊరికే అన్యాడు."

"మీ నాయన బాగున్నాడా?"

"పొయ్యి రెండేండ్లు కావస్తాంది సార్."

ఉత్తరం నేను చెప్పినట్టే రాసిచ్చింది. మా గురువుగారు అడిగి రాసుకుంటుంటే నేను వెంట ఉండి చూశానని. మడిచి ఇస్తూ, "సార్, ఒకటి అడగనా? ఆ ఏడో పుస్తకం ఒగటి నాకు ఇస్తారా? మా నాయన ఫోటో గూడా సరిగ్గా లేదు మాకు. ఓటరు కార్డులో ఉండాది, అది ఆయన మాదిరి లేదు. ఆ పుస్తకంలో అయితే అట్లే మాట్లాడతాడు" అంది.

"దానికేముంది, తప్పకుండా" అన్నాను. "నీదే కదా" అని కూడా అన్నాను. ఏ నోటితో అన్నానో.

మార్చి 3

తప్పకుండా.

మార్చి 28

నిర్ణయం వచ్చింది. పత్రికకు సవరణ పంపించాలి, రచయితల్లో నా పేరు రెండోది. జ్ఞానాంబ గారు స్వయంగా ఫోన్ చేశారు. శాఖలో టీ, మైసూరుపాకు. గిరిప్రసాద్ కూడా వచ్చి చేయి కలిపి, "అబ్బా, మనసులో పెట్టుకోవద్దు. మా పద్ధతి మాది, మీ పద్ధతి మీది" అన్నాడు. ఫొటో తీశారు.

అందరూ వెళ్లాక బాత్రూములో చేతులు చాలాసేపు కడుక్కున్నాను. సిగ్గుగా ఉంది. ఈ మాట ఇంతవరకూ రాయలేదు. సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 7

గ్రేసీ కార్డు. "గౌరవనీయులైన గురువుగారికి నమస్కారాలు. ఈ నెల 27 ఆదివారం మా నాయన జ్ఞాపకంగా మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాము. మా అమ్మ కోరిక, ఆ దినం నాయన మాటలు కొన్ని ఆ పుస్తకంలో నుంచి నేను చదవాలని. మీకు వీలు చూసుకొని అంతలోపల పంపించగలరు. మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించగలరు."

అదే చేతిరాత. పన్నెండేళ్లయినా మారలేదు.

ఏప్రిల్ 14

నా ప్రతి ముందు పెట్టుకుని దాన్ని మళ్లీ ఏబెల్ మాటల్లోకి తిప్పాలని కూర్చున్నాను. "కనిపిస్తుంది" కొట్టి "కనబడతాది" అని పెట్టాను. రెండు పేజీలు రాసి చదువుకుంటే, క్లాసులో పల్లెటూరివాళ్లను వెక్కిరిస్తూ నేను వేసే గొంతు వినిపించింది. చించేశాను.

ఏప్రిల్ 19

మహిత అడిగింది: "గెలిచినారు గదా, మళ్లీ ఈ మాదిరిగా ఎందుకుండారు?" ఎండలన్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

కమిటీ తిరిగిచ్చిన నా ఏడో ప్రతినే తీసుకుని పుత్తూరు వెళ్లాను. దారంతా ఏం చెప్పాలో సాధన చేసుకున్నాను. బాగా సాధన చేశాను కాబట్టి తడబడకుండా చెప్పాను: అసలు పుస్తకాలు చెదలు పట్టాయి, పట్టడం చూసి ముందుజాగ్రత్తగా నేనే ఎత్తి రాసిపెట్టాను.

గ్రేసీ పుస్తకం అందుకుంది. తర్వాత తనే నాకు ధైర్యం చెప్పింది. "చెదలైతే మీరేం జేస్తారు సార్. అంత పని ఉండి గూడా కూర్చొని ఎత్తి రాసినారు సూడండి, ఇంగెవురు జేస్తారు." మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను.

చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచింది. వాళ్లమ్మ గడప దగ్గర వచ్చి కూర్చుంది. గ్రేసీ పైకి చదవడం మొదలుపెట్టింది. "లోపల ఉన్న వ్యక్తికి ఆకాశం పళ్లెం పరిమాణంలో కనిపిస్తుంది..." నాలుగు వాక్యాలు చదివింది. ఆగింది. పేజీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

ముసలామె అడిగింది: "ఎవురు పాపా, అట్ల మాట్లాడేది?"

"నాయన మా."

"మీ నాయన అట్ల యాడ మాట్లాడతాడు?"

గ్రేసీ నా వైపు చూడలేదు. నాకు సిగ్గు కాకూడదని చూడలేదు. వేలు ఒక వాక్యం మీద పెట్టి మెల్లగా అంది: "ఇది మా నాయన కాదు సార్. ఈడ... నీళ్లు పడినప్పుడు లోపలోడు ఏమో చేస్తాడని చెప్పేటోడు. 'ఆనందం వ్యక్తం చేస్తాడు' అని కాదు. ఏదో ఒగ మాట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం ఇప్పుడుగూడా కనబడతాంది నాకు. మాటే రావడంలేదు."

"కొంచెం ఆలోచించమ్మా. గుర్తు తెచ్చుకో."

"గుర్తుండదనే గదా సార్ రాసుకునింది."

పుస్తకం మూసి, కళ్లకద్దుకుని, అలమరలో బైబిలు పక్కన పెట్టింది. నా చేతిరాతను. "ఆదివారం మీరూ రండి సార్" అంది.

ఏప్రిల్ 26

పొద్దున లేచి ఈ డైరీ మొదటి నుంచి చదివాను.

ఫిబ్రవరి 20. అక్కడ ఉన్నాడు ఏబెల్. తాంబాళమంత ఆకాశం, తాడు, 'ద్ద', 'రం', నగు. ఈ భూమ్మీద ఆయన మాటలు మిగిలింది ఈ ఒక్క పేజీలో. వాటిని కాల్చినవాడే దాచాడు.

వేరే కాగితం మీద ఎత్తి రాద్దామని పెన్ను తీశాను. "లోపలుండేవోనికి" అని రాయాల్సిన చోట చేయి "లోపల ఉన్న" అని మొదలుపెట్టింది. ఇంకో కాగితం తీసుకున్నాను. ఈసారి సరిగ్గానే వచ్చింది, కానీ రాసింది చూస్తే దాన్ని ఎవరైనా నమ్ముతారా అనిపించింది. నిన్న చెదలన్నవాడు ఇవాళ ఇంకో కాగితం పట్టుకొస్తే, ఇదీ తయారుచేసిందే అనుకోరా? గ్రేసీ అనుకోదు. అదే నాకు భయం. దీన్ని కూడా నా మంచితనం కింద వేస్తుంది, మళ్లీ మజ్జిగ ఇస్తుంది.

కాబట్టి జిరాక్సు. ఉన్నది ఉన్నట్టు, తేదీతో సహా, వేరుశనగ చేను బొమ్మతో సహా.

రోజుకొక పేజీ డైరీ. ఇరవయ్యో తేదీ ముందు పక్క. దాని వెనక ఇరవై ఒకటి, బాయిలర్ సంగతి.

పదకొండింటికి బస్టాండు ఎదురుగా నాగరత్నమ్మ జిరాక్సు కొట్టుకు వెళ్లాను. నా సిద్ధాంతగ్రంథం నాలుగు ప్రతులూ అప్పట్లో ఇక్కడే తీయించాను. ఆవిడకు నేను బాగా తెలుసు. డైరీ అందుకుని పేజీ చూడకుండా మిషను మూత ఎత్తింది.

"ఇదొకటేనా సార్?"

"ఇదొకటే."

వెలుతురు ఒకసారి పోయి వచ్చింది. కాగితం బయటికి వచ్చింది. ఏబెల్ మాటలు, అంచులో గ్రేసీ అడిగింది, ఏడో నోటుబుక్కు సంగతి, తిరుచానూరు బస్సు, అన్నీ పడ్డాయి. ఇదొక్కటే ఇచ్చినా చాలు అనుకున్నాను. రేపు చదవడానికి వాళ్లకు కావలసింది ఇందులో ఉంది. బస్సు సంగతికే నా పరువు సగం పోతుంది, అది చాలదా?

నాగరత్నమ్మ డైరీ తిప్పి పట్టుకుంది. "ఎనక పక్క గూడా రాసుండారు సార్. ఒక పక్కేనా, రెండు పక్కలా?"

నా వెనక ఎవరో హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లను ముందు చూసుకోమన్నాను. వాళ్లు వెళ్లారు. ఇంకెవరూ లేరు.

"చెప్పండి సార్."

"రెండు పక్కలా" అన్నాను.

రేపు పుత్తూరుకు మొదటి బస్సు ఆరింటికి.